రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 బైకుకి పెద్ద విండ్‌షీల్డా, చిన్నది చాలా?

కృష్ణాతీరం
హైదరాబాద్ నుంచి వైజాగ్ తరచూ వెళ్లొస్తుంటాం, వెనక మా ఆవిడ. ఈ బండికి కంపెనీ షీల్డ్ ఇవ్వదు కదా, గాలంతా ఛాతీ మీదే. సూర్యాపేట దాటేసరికి మెడ, భుజాలు పట్టేస్తున్నాయి. షాపులో రెండు రకాలు చూపించారు. ఒకటి హెడ్‌లైట్ మీద కూర్చునే చిన్న ఫ్లైస్క్రీన్. రెండోది హ్యాండిల్‌కి క్లాంపులతో బిగించే పెద్దది, బండి మీద కూర్చుంటే దాని పై అంచు నా గడ్డం దాకా వస్తోంది. నా ఎత్తు 5 అడుగుల 10. ఏది తీసుకోమంటారు?

లాంగ్‌రైడ్_ఖమ్మం
పెద్దదే తీసుకోండి. డిసెంబరులో తెల్లవారుజామున లంబసింగి ఎక్కినప్పుడు, విజయవాడ దాటాక ఎదురు వాన కొట్టినప్పుడు దాని విలువ తెలుస్తుంది. కాకపోతే గడ్డం దాకా చాలదు, అంచు మీ ముక్కుకి ఎదురుగా ఉండాలి. రోడ్డు షీల్డ్ పైనుంచి కనపడాలి, షీల్డ్‌లోంచి కాదు. కళ్ల కంటే ఎత్తయినది వేయించుకుంటే రాత్రిపూట ఎదురు లారీ లైట్లు గీతలు పడ్డ ప్లాస్టిక్ మీద చెదిరి ముందు ఏముందో కనపడదు. చిన్న ఫ్లైస్క్రీన్ అందానికే తప్ప దూరప్రయాణానికి పనికిరాదు.

ఒట్టిబండి
అన్నా, ముక్కు ఎత్తు అని అంత ఖాయంగా ఎలా చెప్తారు? షీల్డ్ అంచు దగ్గర గాలి తెగి సుడులు తిరుగుతుంది. ఆ సుడులు హెల్మెట్‌కి తగిలితే తల వణుకుతుంది, కళ్లు అదురుతాయి, గంటలో తలనొప్పి. షీల్డ్ లేని బండి మీద తలకి తగిలేది నేరుగా వచ్చే గాలి. హోరు ఉంటుంది కానీ కుదుపు ఉండదు. హోరుకి చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే సరిపోతుంది, మూడు వేలు ఖర్చు పెట్టక్కర్లేదు.

కృష్ణాతీరం గారూ, కొనేముందు అలాంటి షీల్డ్ ఉన్న బండి ఎవరిదైనా అడిగి తీసుకోండి. ఖాళీ రోడ్డు మీద 70 దగ్గర ఫుట్‌రెస్ట్‌ల మీద కొంచెం లేవండి. తల పైకి వెళ్లగానే కుదుపు ఆగిపోతే, ఆ కుదుపు షీల్డ్ వల్లే వస్తోందని అర్థం.

అరకు411
పీక్ (టోపీ అంచులా నుదుటి మీద ముందుకు పొడుచుకొచ్చేది) ఉన్న హెల్మెట్ వాడుతున్నారా? అయితే ముందు అది తీసేసి చూడండి. మెడనొప్పి సగం దానివల్లే వస్తుంది.

కృష్ణాతీరం
లేదండీ, పీక్ లేని ఫుల్‌ఫేసే.

లాంగ్‌రైడ్_ఖమ్మం
ఒట్టిబండి చెప్పిన కుదుపు చవక షీల్డ్‌లతో వస్తుంది. షీల్డ్ వెనక గాలి పీడనం తగ్గుతుంది, ఆ ఖాళీలోకి పక్కలనుంచి, పైనుంచి గాలి దూసుకొచ్చి తలకి కొడుతుంది. మంచి షీల్డ్‌కి హెడ్‌లైట్‌కీ మధ్య సందు వదులుతారు. కిందనుంచి కాస్త గాలి వస్తే పీడనం సర్దుకుంటుంది, కుదుపు తగ్గుతుంది. వంపు కోణం మార్చుకునే క్లాంపులు కూడా ఉంటాయి. ఒక్క నట్టు వదులు చేసి రెండు వేళ్ల మందం వెనక్కి వంచితే వేరే షీల్డ్ పెట్టినట్టే ఉంటుంది. ఇవన్నీ చేశాక కూడా ముక్కు ఎత్తు లెక్క మారదు.

ఒట్టిబండి
సీటు మీద ఎయిర్ కుషన్ వేస్తే తల రెండంగుళాలు పైకి పోతుంది. అప్పుడు మీ ముక్కు లెక్క ఏమవుతుంది?

లాంగ్‌రైడ్_ఖమ్మం
కుషన్ వేసుకుని కూర్చునే కొలవాలి. హెల్మెట్, జాకెట్, బూట్లు అన్నీ వేసుకుని, రోజూ కూర్చునే తీరులో కూర్చుని, ఇంకొకరితో టేపు పట్టించాలి. షాపులో చెప్పుల కాళ్లతో కూర్చుని చూస్తే అందరికీ తప్పే వస్తుంది.

గుంటూరు_ట్విన్
ఎత్తు సంగతి సరే, మెటీరియల్ అడగండి ముందు. యాక్రిలిక్ అయితే అద్దంలా తేటగా ఉంటుంది, కానీ రాయి తగిలితే పలుకులుగా పగులుతుంది. పాలీకార్బొనేట్ పగలదు, కానీ తొందరగా గీతలు పడుతుంది. నాది పాలీకార్బొనేటే. బిగించిన కుర్రాడు బోల్టులు వదులు కాకూడదని థ్రెడ్‌లాకర్ పూశాడు. ఆ మందు పాలీకార్బొనేట్‌కి పడదు. కొన్నాళ్లకి నాలుగు రంధ్రాల చుట్టూ సన్నని పగుళ్లు లేచాయి. షాపుకి తీసుకెళ్తే నేను ఎక్కువ బిగించానన్నారు. నేను స్పానర్ కూడా ముట్టలేదు! డబ్బు వెనక్కి రాలేదు, రెండోసారి బిల్లు కట్టాను. మీరు దగ్గరుండి రబ్బర్ వాషర్లు వేయించుకోండి, బోల్టులకి ఏ మందూ పూయనివ్వకండి. పెట్రోల్ గుడ్డతో తుడవనివ్వకండి.

పాలకొల్లు_రోడ్స్
సాయంత్రం వరిచేల పక్కన వెళ్తే షీల్డ్ నిండా పురుగులే. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. తడి నూలు గుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచండి, పురుగులు నాని వాటంతటవే వచ్చేస్తాయి.

ఒట్టిబండి
అందరూ ఒక విషయం వదిలేస్తున్నారు. ఇంటర్‌సెప్టర్‌కి ఫెయిరింగ్ (బండి ముందుభాగాన్ని కప్పే, ఫ్రేముకి బిగించే తొడుగు) లేదు, పెద్ద షీల్డ్ హ్యాండిల్‌కే బిగించాలి. అంటే పక్కగాలి తోపు నేరుగా స్టీరింగ్ మీదకే వస్తుంది. తుని దగ్గర ఎన్‌హెచ్ 16 మీద మధ్యాహ్నం సముద్రపు గాలి ఎలా ఉంటుందో తెలుసుగా. కంటైనర్ లారీని దాటి దాని చాటులోంచి బయటపడగానే ఆ షీల్డ్ తెరచాప అయిపోతుంది. ముక్కా గడ్డమా అని కొట్టుకోవడం తర్వాత.

లాంగ్‌రైడ్_ఖమ్మం
ఏళ్లుగా అదే రోడ్డు మీద అదే షీల్డ్‌తో తిరుగుతున్నాను. హ్యాండిల్‌ని గట్టిగా బిగబట్టకుండా వదులుగా పట్టుకుంటే బండి దానంతటదే సర్దుకుంటుంది. గాలికి భయపడేవాళ్లు గరుడ బస్సు ఎక్కొచ్చు.

ఒట్టిబండి
బస్సు ఎక్కమంటున్నారా? మా తమ్ముడు ఆసుపత్రి నుంచి బయటికొచ్చి ఎన్నాళ్లో కాలేదు. ఇలాంటి పెద్ద షీల్డే. బస్సును దాటుతుంటే హ్యాండిల్ ఊగడం మొదలైంది, ఆపలేకపోయాడు. మణికట్టులో ప్లేటు వేశారు. ఇంకా పెన్ను పట్టుకోలేడు. ‘బండి దానంతటదే సర్దుకుంటుంది’ అని వాడికి కూడా ఎవరో చెప్పే ఉంటారు.

లాంగ్‌రైడ్_ఖమ్మం
తమ్ముడికి అలా జరిగినందుకు నిజంగా బాధగా ఉంది. కానీ అడుగుతున్నానని ఏమనుకోకండి. అప్పుడు స్పీడ్ ఎంత?

ఒట్టిబండి
110.

లాంగ్‌రైడ్_ఖమ్మం
మరి షీల్డ్‌ని ఎందుకు అంటారు?

ఒట్టిబండి
షీల్డ్ లేనప్పుడు వాడు ఎప్పుడూ 90 దాటలేదు కాబట్టి. గాలి కొడుతుంటే చేతులు నొప్పిపుట్టి మనిషి తనంతట తానే తగ్గిస్తాడు. షీల్డ్ పెట్టించుకున్నాక గాలి తెలియదు, మీటర్ చూస్తే 110. మీరు అమ్మిపెడుతున్న సుఖం అదే.

వెనకసీటు
ఇద్దరూ మగవాళ్లే, ఇద్దరూ ముందు సీటువాళ్లే మాట్లాడుతున్నారు. నేను వెనక కూర్చునేదాన్ని. మావారి బండికి పెద్ద షీల్డ్ పెట్టించాక ఆయన మెడనొప్పి పోయింది, నాది మొదలైంది. వెనకసీటు కాస్త ఎత్తు కదా, ఆయన తల మీదుగా పోయిన గాలి సరిగ్గా నా హెల్మెట్‌కి కొట్టేది. అది చెప్తే ‘నాకేం తెలియట్లేదే’ అనేవారు. ఆయనకి తెలియదు కాబట్టే 100, 110 పోయేవారు.

గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 110కి వెళ్తే దాదాపు రెట్టింపు. నాలుగు లైన్ల హైవే మీద బైకులకి కేంద్రం 2018లో పెట్టిన పరిమితి 80. ఆ 80 దగ్గర కృష్ణాతీరం గారికి మెడ పడుతోందా, 100 దగ్గర పడుతోందా? ఈ సంగతి ఎవరూ అడగలేదు. 80 దగ్గరైతే షీల్డ్ గురించి ఆలోచించండి. 100 దగ్గరైతే స్పీడ్ తగ్గించండి, వెనక ఆవిడ ఉన్నారు.

లాంగ్‌రైడ్_ఖమ్మం
మేడమ్, 80తో హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్తే ఒక్క రోజులో చేరడం కష్టం. నా మటుకు నేను ఖాళీ రోడ్డు మీద 100 నడుపుతాను, 650 బండి కొన్నది అందుకే. ఆ స్పీడ్‌లో అలసట తగ్గించడమే షీల్డ్ పని. అలసిపోయిన మనిషే ప్రమాదం చేస్తాడు.

ఒట్టిబండి
అలసిపోతే రాజమండ్రిలో రాత్రి ఆగండి. ఒక్క రోజులో చేరాలని ఎవరు పందెం కట్టారు?

గుంటూరు_ట్విన్
మొదటినుంచీ మీ ఇద్దరి తగువు ఇదే అన్నమాట.

కృష్ణాతీరం
అందరికీ థాంక్స్. నిజం చెప్పాలంటే మెడ పట్టేది 95, 100 మధ్యే. ఈ చర్చ మా ఆవిడకి చదివి వినిపించాను. వెనకసీటు గారు చెప్పినచోట ఆపి, ఇంకోసారి చదవమంది. షాపతను పెద్దది తాత్కాలికంగా బిగించి ఇస్తానన్నాడు. ఆదివారం పొద్దున్నే ఇద్దరం చౌటుప్పల్ దాకా వెళ్లొస్తాం. 80 దాటను. వెనక గాలి ఎలా ఉందో తనే చెప్తుంది, తను వద్దంటే చిన్నది కూడా తీసుకోను.

లాంగ్‌రైడ్_ఖమ్మం
80 దగ్గర ఏ షీల్డ్ అయినా బాగానే ఉంటుందండీ. కనీసం 95 అయినా పెట్టి చూడండి, లేకపోతే ఏమీ తెలియదు.

ఒట్టిబండి
పెట్టకండి.