మాయా నాగరికత మట్టిపాత్రల మీద దుప్పి చెవుల ముసలాయన ఎవరు?

మట్టిపాత్ర:
నాలుగు రోజులుగా మెక్సికో, గ్వాటెమాలా వైపు ఉండే మాయా జనాల పాత మట్టిపాత్రల ఫొటోలు చూస్తున్నాను, క్రీ.శ. 250–900 మధ్యవి, బొమ్మలు గీసిన పొడుగాటి గ్లాసుల్లాంటివి. వాటిలో ఒక దృశ్యం మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది. దుప్పి చెవులున్న ముసలాయన చావుబతుకుల్లో పడి ఉంటాడు, పక్కన ఒక దుప్పి వయసు పిల్లని తీసుకుపోతూ ఉంటుంది. వేట బొమ్మ అనుకుందామంటే ఇదేం వేట? తెలిసినవాళ్ళు చెప్పండి, బుర్రలోంచి పోవట్లేదు.

అడవిదారి:
ఆయన హుక్ సిప్. హుక్ అంటే ఏడు. అడవిలో దుప్పులన్నిటికీ యజమాని, మన దగ్గర మందకి కాపరి ఉన్నట్టు. అందుకే మాయా వాళ్ళకి దుప్పిని చంపడమంటే ఒకరి సొత్తులోంచి తీసుకోవడమే, ఆ యజమానిని మంచి చేసుకోకుండా కుదరదు. మెక్సికోలోని యుకటాన్ ప్రాంతపు మాయా వేటగాళ్ళు సిప్ అంటే కొమ్ముల మధ్య కందిరీగల గూడు ఉన్న చిన్న దుప్పి అని చెప్తారు. మాయా పంచాంగంలో సిప్ అనే నెల కూడా ఉంది. ఆ నెలలో వేటగాళ్ళు తలా ఒక బాణం, నీలం రంగు పూసిన ఒక దుప్పి పుర్రె పట్టుకుని ఆడేవాళ్ళని 16వ శతాబ్దంలో డియెగో దె లాందా అనే స్పానిష్ మతగురువు రాశాడు. 1562లో మానీ ఊళ్ళో మాయా పుస్తకాలు తగలబెట్టించింది కూడా ఆయనే, అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

నెలవంక:
ఆ పిల్ల సంగతి కూడా చూడండి. గ్వాటెమాలాలో కెక్చి మాయా వాళ్ళ కథ ఒకటుంది. సూర్యుడు ఒకమ్మాయిని ఇష్టపడి, గొప్ప వేటగాడిలా కనపడాలని దుప్పి చర్మంలో గడ్డి కూరి రోజూ అదే భుజాన వేసుకుని వాళ్ళ ఇంటి ముందు నుంచి వెళ్తాడు. ఆ అమ్మాయి దారిలో నీళ్ళు పోస్తే జారి పడతాడు, చర్మం పిగిలి గడ్డంతా బయటపడుతుంది. తర్వాత ఆమే చంద్రుడవుతుంది. పాత్రల మీది కథ అచ్చంగా ఇదే అని నేను అనను, కానీ ముసలాయన, పడుచుపిల్ల, దుప్పి వేషం అన్నీ ఒక కుటుంబానికి చెందిన కథలే అనిపిస్తుంది.

కొమ్ముకథ:
పైన అందరూ దుప్పి అన్నారు, సంతోషం. చాలాచోట్ల జింక అని రాస్తుంటారు. మన కృష్ణజింక కొమ్ములు రాలవు, దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి, మాయా వాళ్ళ తెల్లతోక దుప్పిదీ అదే పద్ధతి. కొమ్ము రాలడం, మొలవడం కాలంతో పాటు తిరుగుతాయి కాబట్టి వాళ్ళు దాన్ని అంత శ్రద్ధగా గమనించారని నా నమ్మకం. మిగిలిన నాలుగు మాయా పుస్తకాల్లో మాడ్రిడ్‌లో ఉన్నది చూడండి, ఉచ్చులో చిక్కిన దుప్పులు పేజీలకి పేజీలు, పక్కనే రోజుల లెక్కలు. ఉచ్చు వేయడానికి కూడా రోజు చూసుకునేవాళ్ళన్నమాట.

మట్టిపాత్ర:
చాలా థాంక్స్! రోజులంటే గుర్తొచ్చింది, వాళ్ళ 260 రోజుల పంచాంగంలో దుప్పి పేరున రోజు ఉందట కదా?

అడవిదారి:
ఉంది, గ్వాటెమాలాలోని మాయా భాషల్లో ఒకటైన కిచెలో కెహ్. స్పెయిన్ వాళ్ళు గుర్రాలతో దిగాక ఆ మాట గుర్రానికి పోయింది, దుప్పిని ఆజ్టెక్‌ల భాష నహువాట్ల్ నుంచి తెచ్చుకున్న మసాట్ అనే మాటతో పిలుస్తున్నారు. రోజు పేరు మాత్రం ఇప్పటికీ కెహ్‌యే.