కొండవాలు స్థలానికి వేసవిలో చేసిన సాయిల్ టెస్టు సరిపోతుందా?

ప్రశ్న: కొమ్మాది నివాసి

మధురవాడ దాటాక కొండవాలులో ఉన్న మా ఉమ్మడి స్థలంలో అయిదంతస్తుల అపార్టుమెంటు కట్టేందుకు ఒక బిల్డరుతో మాటలు జరుగుతున్నాయి. ఏప్రిల్‌లో రెండు బోర్లు వేసి సాయిల్ టెస్టు చేయించారు. కొద్ది లోతులోనే గట్టి పొర తగిలిందని, నీరు పడలేదని నివేదికలో రాశారు. భూకంపాలను తట్టుకునే కట్టడాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 1893 (2016) ప్రకారం విశాఖ రెండో భూకంప జోనులో ఉంది కనుక ఆ భయం తక్కువని, నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్ల లోపే కనుక కేంద్రం ఇచ్చిన 2006 పర్యావరణ నోటిఫికేషను కింద ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదని బిల్డరు అంటున్నారు. వానాకాలం గడిచాక మరోసారి చూడాలని మావాళ్లలో కొందరు పట్టుబడుతున్నారు. అంతకాలం ఆగడం సబబేనా?

జవాబు: సైటు ఇంజనీరు

ఆగనవసరం లేదని నా అభిప్రాయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు రేకులు, అద్దాలు ఎగిరిపోయాయి గాని, కోడు ప్రకారం కట్టిన కాంక్రీటు భవనాలు చాలావరకు నిలిచాయి. ఆలస్యమైన ప్రతి నెలా వడ్డీ పెరుగుతుంది, ఆ భారం చివరకు కొనేవారి మీదే పడుతుంది.

జవాబు: నరవ వాసి

ఆగాలి. గాలి విషయంలో ఇంజనీరు గారు చెప్పినది చాలావరకు ఒప్పుకుంటాను. భవనాల మీద పడే భారాల కోడు ఐఎస్ 875లో విశాఖకు ఇచ్చిన గాలి మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అయితే గాలి వచ్చే వైపు నేల వాలు సుమారు మూడు డిగ్రీలు దాటితే స్థలాకృతి ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని అదే కోడు చెబుతుంది కాబట్టి, డిజైను కాగితాల్లో అది ఉందో లేదో అడిగి చూడండి.

నా ఆందోళన అంతా నీటి గురించే. మన కొండల్లోని ఖోండలైటు రాయి శిథిలమై ఎర్రమట్టిగా, తెల్లటి సుద్దగా మారిన చోట, వేసవిలో గునపం దిగనంత బిగుసుకుని ఉంటుంది. నాలుగు రోజులు వాన పట్టిందంటే అదే మట్టి వేళ్ల మధ్య జిగటగా నలుగుతుంది. సాయిల్ టెస్టులో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం చివరి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. ఏప్రిల్‌లో పొడిమట్టి మీద వచ్చిన ఆ లెక్కను అక్టోబరులో నానిన మట్టికి అలాగే వర్తింపజేయడం ప్రమాదకరం. పైగా పునాది బరువు మోయడం ఒక సంగతి, భవనం వెనుక నిలువుగా కోసిన కొండ జారకుండా నిలవడం మరో సంగతి. పునాది కోసం వేసిన రెండు బోర్లు ఈ రెండో సంగతి గురించి దాదాపు ఏమీ చెప్పవు.

ఇక గెడ్డలు. కొండమీది వాన దిగే దారులు వేసవిలో తుప్పలు మొలిచిన గుంటల్లాగే కనిపిస్తాయి. కొన్ని రెవెన్యూ ఎఫ్‌ఎంబీలో (సర్వే కొలతల పటాల పుస్తకంలో) గెడ్డ పోరంబోకుగా నమోదై ఉంటాయి. నమోదు కానివి వాన కురుస్తుండగా వెళ్లి నిలబడితేనే తెలుస్తాయి. లేఅవుటు రోడ్డు వాటికి అడ్డంగా పడితే నీరు ప్రహరీ వెనుక చేరుతుంది. నీరు బయటికి పోయే రంధ్రాలు లేని గోడ అయితే, కింద రేకుల ఇళ్లలో పడుకున్నవారి మీదికే కూలుతుంది. 20,000 చదరపు మీటర్ల హద్దు దాటిన భవనాలకైనా ఆ నోటిఫికేషను కింద బహిరంగ విచారణ లేదు. కనుక దిగువన ఉన్నవారు తమ మాట చెప్పుకునే చోటే లేదు, వారి తరఫున ఆలోచించవలసింది స్థల యజమానులే.

జవాబు: సైటు ఇంజనీరు

గెడ్డల విషయం సమంజసమే. అయితే పని మొత్తం ఆపడం ఎందుకు? బోరులో చిల్లుల గొట్టం దింపి ఉంచితే వానల్లో నీటిమట్టం ఎంత పెరుగుతుందో తెలుస్తుంది. ఈలోగా డిజైను పని సాగించవచ్చు.

జవాబు: నరవ వాసి

డిజైను సాగించండి, అభ్యంతరం లేదు. కొండను మాత్రం కోయవద్దు. గొట్టాలు పునాది చోటే కాక, కొండ కోయబోయే పైవాలులో కూడా దింపాలి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పెద్ద వాన పడిన ప్రతిసారీ మరునాడు మట్టం కొలిచి రాయాలి. ఆ పుస్తకం బిల్డరు దగ్గర కాదు, స్థల యజమానుల దగ్గర ఉండాలి. కొండ కోతకు ఒప్పుకుంటూ చేసే సంతకం దాన్ని చూశాకే పెట్టండి.