స్వీడన్ నేర నవలలు, టీవీ రూపాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదావరి_గట్టు:
కెన్నెత్ బ్రానా నటించిన 'వలాండర్' ధారావాహికను గత నెలలో పూర్తిచేశాను. అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలతో పెరిగినవాడిని నేను. వాటిలో చివరి పుటల్లో హంతకుడు బయటపడగానే నాకు కథతో పని తీరిపోయేది. ఇక్కడ మాత్రం హంతకుడెవరో తెలిశాక కూడా మనసు ఆ ఇన్‌స్పెక్టర్ దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు నవలలు చదవాలని ఉంది. వాటిని ఏ వరుసలో చదవాలో, టీవీ రూపాల్లో ఏది మూలానికి దగ్గరగా ఉంటుందో అనుభవమున్నవారు చెప్పగలరు. ముగింపులను బయటపెట్టవద్దని మనవి.

పాత_పుటలు:
వలాండర్ నవలల రచయిత హెన్నింగ్ మాంకెల్ దగ్గరికి వెళ్లే ముందు, మై షోవాల్, పేర్ వాలో జంట మార్టిన్ బెక్ అనే పోలీసు అధికారి మీద రాసిన నవలలు చదవండి. 1965 నుంచి 1975 వరకు వారిద్దరూ కలిసి పది నవలలు రాసి, మొత్తానికి 'ఒక నేరపు కథ' అని ఉపశీర్షిక పెట్టారు. వారు చెప్పదలచుకున్న నేరం ఏ ఒక్క హంతకుడిదో కాదు; సంక్షేమ రాజ్యమని పేరు తెచ్చుకున్న దేశం తన శ్రామికులను ఎలా విడిచిపెట్టిందన్నదే వారి అసలు ఫిర్యాదు.

మొదటి నవల 'రోసానా'లో, మోతాలా పట్టణం దగ్గర యోటా కాలువలో పూడిక తీస్తుండగా ఒక స్త్రీ శవం బయటపడుతుంది. ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత నెలల తరబడి పోలీసులు ఉత్తరాలు రాస్తారు, ఫోన్ల కోసం ఎదురుచూస్తారు, పడవలో ప్రయాణించిన పర్యాటకులు తీసిన ఫొటోలను దేశదేశాల నుంచి తెప్పించి ఒక్కొక్కటిగా పరిశీలిస్తారు. మొదటిసారి చదివినప్పుడు నేను సగంలోనే విసిగి పుస్తకం మూసేశాను. రెండేళ్ల తర్వాత మళ్లీ తీసినప్పుడు, ఆ ఎదురుచూపులోనే, బెక్ కడుపునొప్పిలోనూ నిద్రలేని రాత్రుల్లోనూ, కథ నడుస్తోందని అర్థమైంది. వరుస తప్పకుండా చదవండి. పుస్తకం తర్వాత పుస్తకంలో రచయితల కోపం పెరగటాన్ని గమనించవచ్చు.

మాల్మో_వాసి:
ఆరేళ్లుగా స్వీడన్ దక్షిణాన ఉన్న మాల్మోలో ఉంటున్నాను. వలాండర్ ఊరైన ఈస్టాడ్ ఇక్కడి నుంచి రైల్లో గంటలోపు దూరమే. నవలల్లో అతను ఉండే మరియాగాతన్ నిజంగా ఉన్న వీధి. నేను ఒక జనవరి మధ్యాహ్నం వెళ్లేసరికి మూడున్నరకే చీకటి కమ్ముతోంది, చుట్టూ పొలాల మీదుగా గాలి ఎడతెగకుండా కొడుతోంది. ఆ రోజు తర్వాత నవలల్లోని వాతావరణ వర్ణనలను దాటవేయటం మానేశాను.

1991లో వచ్చిన మొదటి వలాండర్ నవల 'ఫేస్‌లెస్ కిల్లర్స్'లో ఒక వృద్ధ రైతు దంపతులపై దాడి జరుగుతుంది. భార్య ప్రాణం విడిచే ముందు పలికిన 'విదేశీ' అన్న ఒక్క మాట బయటికి పొక్కటంతో శరణార్థుల మీద ద్వేషం రగులుకుంటుంది. పరాయి దేశంలో బతుకుతున్న మనిషిగా ఆ పుటలు చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. అయినా ఆ నవలలో నాకు ఎక్కువగా గుర్తుండిపోయినవాడు వలాండర్ తండ్రి. ఆయన జీవితమంతా ఒకే ప్రకృతి దృశ్యాన్ని గీస్తూ ఉంటాడు. తేడా అల్లా, కొన్ని బొమ్మల్లో అడవికోడి ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. కొడుకు పోలీసు ఉద్యోగంలో చేరటాన్ని ఆయన ఏనాడూ క్షమించలేదు.

మన పాఠకులకు ఇంకొకటి చెప్పాలి. 1960ల చివర్లో స్వీడన్ ప్రజలు మర్యాద సంబోధనలనూ హోదా పేర్లనూ వదిలేసి, అందరినీ 'దు', అంటే 'నువ్వు', అని పిలవటం మొదలుపెట్టారు. అందుకే కానిస్టేబుల్ పై అధికారిని పేరు పెట్టి పిలిచినా అది తెగువా కాదు, అమర్యాదా కాదు. ఈ సంగతి తెలిశాక వలాండర్ కార్యాలయంలో జరిగే సంభాషణలు నాకు వేరేగా వినిపించాయి.

చిత్తూరు_సరిహద్దు:
మాల్మో_వాసి గారు భాష సంగతి ఎత్తారు కాబట్టి 'ద బ్రిడ్జ్' టీవీ ధారావాహిక గురించి చెబుతాను. మాల్మోనూ డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌నూ కలిపే వంతెన మీద, సరిగ్గా సరిహద్దు గీత దగ్గర శవం దొరకటంతో ఆ కథ మొదలవుతుంది. 2011 నుంచి 2018 వరకు నాలుగు భాగాలుగా వచ్చింది. అందులో స్వీడన్ పోలీసు అధికారిణి సాగా నోరేన్ స్వీడిష్‌లో మాట్లాడుతుంది, డెన్మార్క్ పోలీసు అధికారి మార్టిన్ డేనిష్‌లో బదులిస్తాడు, ఇద్దరూ ఒకరినొకరు అర్థం చేసుకుంటారు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లలో ఈ తేడా పూర్తిగా చెరిగిపోతుంది. మా ఇంట్లో అమ్మమ్మ తమిళంలో అడిగితే మేము తెలుగులో జవాబు చెప్పేవాళ్లం, అందుకేనేమో నా చెవి దాన్ని రెండో ఎపిసోడ్‌లోనే పట్టుకుంది. దయచేసి డబ్బింగ్‌లో మాత్రం చూడకండి.

రాత్రి_డ్యూటీ:
టీవీ రూపాల విషయంలో ఒక హెచ్చరిక. 1997లో మొదలైన, పేటర్ హాబెర్ నటించిన 'బెక్' చిత్రాల్లో పాత్రల పేర్లే నవలలవి, కథలు దాదాపుగా అన్నీ కొత్తవి. క్రిస్టర్ హెన్రిక్సన్ వలాండర్ చిత్రాలూ చాలావరకు అంతే. నవలలను అనుసరించినవి కావాలంటే రోల్ఫ్ లస్గోర్డ్ నటించినవాటిని వెతకండి. అయినా నా మటుకు వలాండర్ అంటే హెన్రిక్సనే. ఆయన ఏమీ మాట్లాడకుండా బల్ల ముందు కూర్చుంటే చాలు, ఆ రోజు ఎలా గడిచిందో తెలిసిపోతుంది. బ్రానా తన బాధను కాస్త ఎక్కువగా పైకి చూపిస్తాడని నాకు అనిపిస్తుంది.

పాత_పుటలు:
హెన్రిక్సన్ గురించి మీ మాటతో ఏకీభవిస్తాను గాని, బ్రానా విషయంలో కాదండి. తండ్రితో ఆయన ఉన్న సన్నివేశాలు మరోసారి చూడండి. అక్కడ ఆయన ఎంత తగ్గి నటించారో తెలుస్తుంది.

గోదావరి_గట్టు:
అందరికీ ధన్యవాదాలు. పాత_పుటలు గారి మాట మీద నిన్న రాత్రి 'రోసానా' మొదలుపెట్టాను. నలభై పుటలు గడిచాయి. ఆమె ఎవరో పోలీసులకు ఇంకా తెలియలేదు, నాకు మాత్రం విసుగు రాలేదు. వచ్చే వారానికి రెండో నవల కూడా తెప్పించుకుంటున్నాను.