హెడ్‌ఫోన్‌లో 'గుయ్' శబ్దం, డాక్ మార్చాలా, ఎర్తింగ్ చూపించాలా?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది నల్లగొండ. రాత్రి అందరూ పడుకున్నాక పాత పాటలు వినడం నాకు ప్రాణం, అందుకే ఏడాది పైసలు కూడబెట్టి 300 ఓమ్‌ల (అంటే రెసిస్టెన్స్ ఎక్కువ, మామూలు ల్యాప్‌టాప్ గట్టిగా నడపలేదు) సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్ కొన్నాను. ల్యాప్‌టాప్‌కు నేరుగా పెడితే సౌండ్ చాలట్లేదని ఆన్‌లైన్‌లో డాక్ (DAC, డిజిటల్ పాటను హెడ్‌ఫోన్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది), ఆంప్ (ఆ సిగ్నల్‌ను పెంచేది) కలిసి ఉన్న ఒక సెకండ్ హ్యాండ్ డబ్బా తెప్పించాను.

సౌండ్ బాగా పెరిగింది కానీ పాట ఆపగానే సన్నగా గుయ్ మంటుంది, మౌస్ కదిపితే దాంతోపాటే కిర్రుమని వస్తుంది. ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే పూర్తిగా పోతుంది! యూఎస్‌బీ కేబుల్ మార్చాను, వేరే పోర్ట్‌లో పెట్టాను, ఛార్జర్‌నూ డబ్బానూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూశాను, తేడా లేదు. ఇది గ్రౌండ్ లూపే (రెండు పరికరాల ఎర్త్, కేబుళ్లు కలిసి చుట్టులా ఏర్పడి, అందులో తిరిగే కరెంటు వల్ల వచ్చే శబ్దం) అనుకుంటున్నా. మాది పాత ఇల్లు, మూడు పిన్నుల ప్లగ్గులున్నా లోపల ఎర్త్ వైరు ఉందో లేదో ఎవరికీ తెలియదు, ముందు ఎలక్ట్రీషియన్‌తో అది చూపించాలా? యూఎస్‌బీ ఐసోలేటర్ (ల్యాప్‌టాప్‌కూ డబ్బాకూ మధ్య కరెంటు లింకు తెంపి డేటా మాత్రమే పంపేది) పెడితే పోతుందా?

లేదంటే ఇది అమ్మేసి ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్నది తీసుకుందామని ఉంది, ఆ తీగలో వెలుతురే తప్ప కరెంటు పోదు కాబట్టి ఈ బాధ ఉండదు కదా. కానీ నా ల్యాప్‌టాప్‌కు ఆప్టికల్ లేదు, మధ్యలో ఇంకో డబ్బా కావాలి. ఆప్టికల్ ఉన్న డబ్బాల్లో ఫియో కే7, టాపింగ్ డీఎక్స్3 ప్రో ప్లస్ చూశాను, రెండింటి ధరా నా జేబుకు బరువే. పది వేల లోపు 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌ను బాగా నడిపేది ఎవరైనా వాడుతుంటే చెప్పండి, మీ ఇంట్లో ఎర్తింగ్ ఎట్లుందో కూడా రాయండి.