63 ఏళ్ల గిటారిస్టు తొలి సోలో ఆల్బమ్, పర్లాకిమిడి నుంచి: రికార్డింగు, పాత కేసెట్టు, హక్కులు, విడుదల

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నమస్కారమండీ. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు ఆర్కెస్ట్రాల్లోనూ రాక్ బ్యాండుల్లోనూ ముప్పై అయిదేళ్లుగా లీడ్ గిటార్ వాయిస్తున్న ఒక పెద్దాయన తొలి సోలో ఆల్బమ్ పని ఇది. పాటలు 9. సొంత తెలుగు పాటలు 6, ఒడియా పాటలు 2. తొమ్మిదోది ఒక పాత తెలుగు సినిమా పాట. దాన్ని ఒడియా మాటలతో, రాక్ పద్ధతిలో పాడాలని ఆయన పట్టు. గొంతూ గిటార్లూ ఆయనవే, డ్రమ్స్, బేస్ వేరేవాళ్లవి.

ఉన్న సరంజామా: 2 ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (మైకునీ గిటారునీ ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె), ఒక ఎస్‌ఎం57 మైకు, ఒక కండెన్సర్ మైకు, 15 వాట్ల ట్యూబ్ యాంపు, రేకుల కప్పుతో 12×14 అడుగుల మేడగది. 1994 నాటి జామ్ (అప్పటికప్పుడు కలిసి వాయించింది) కేసెట్టు ఒకటుంది. అందులో కీబోర్డు వాయించినాయన ఇప్పుడు లేరు. ఆ కీబోర్డు ముక్కని ఒక పాటలో వాడాలి. ఖర్చు లక్షన్నర దాటకూడదు. ఉగాదికి విడుదల. ఏది ఇంట్లో చేసుకోవాలి, ఏది బయట?

నాగావళి (రాయగడ)

ముందు రేకు సంగతి. వాన పడితే ఆ గదిలో గొంతు రికార్డు కాదు, పైన ఎన్ని గోనెలు పరిచినా చినుకుల మోత మైకులోకి దిగుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా పెట్టుకోండి. ఉగాదికీ అది సరిపోతుంది.

డ్రమ్స్ ఇంట్లో వద్దు. రెండు ఇన్‌పుట్లతో తీయొచ్చు గానీ తర్వాత కిక్కు (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), స్నేరు (ముందుండే పల్చటి డ్రమ్ము) రెండింటినీ విడదీసి సర్దుకునే వీలుండదు. రాక్ ఆల్బమ్‌కి వెన్నెముక అక్కడే ఉంది కాబట్టి డబ్బులో పెద్ద వాటా అక్కడే పెట్టండి. విశాఖలో ఒకేసారి 8 ఛానళ్లు తీయగల స్టూడియోని రెండు రోజులు తీసుకుంటే 9 పాటల డ్రమ్స్, బేస్ అయిపోతాయి. అంతకుముందు నెల రోజులు ఇక్కడే రిహార్సల్ అయి ఉండాలి సుమా. మైకులు ఇలా: కిక్కు 1, స్నేరు పైన 1, కింద 1, చిన్న టామ్ 1, ఫ్లోర్ టామ్ 1, ఓవర్‌హెడ్లు (డ్రమ్స్‌కి పైన వేలాడే మైకులు) 2, గది మైకు 1. స్నేరు కింది మైకుకి ఫేజ్ (ధ్వని తరంగం దిశ) తిప్పకపోతే స్నేరు పల్చగా వినపడుతుంది. ఓవర్‌హెడ్లు రెండూ స్నేరు నడిబొడ్డు నుంచి సమాన దూరంలో ఉండాలి. కంటితో కాదు, తాడు పట్టి కొలవండి. డ్రమ్ హెడ్లు (పై పొరలు) రెండు మూడు రోజుల ముందు మార్చి, సాగాక మళ్లీ ట్యూన్ చేయాలి. స్నేరు హెడ్ ఒకటి అదనంగా సంచిలో ఉండాలి.

క్లిక్ (చెవిలో టిక్‌టిక్‌మనే తాళం) మీద వాయించమని పెద్దాయన్ని బలవంతపెట్టకండి. ఇన్నేళ్లు స్టేజీ మీద డ్రమ్మర్‌ని చూసి వాయించిన చేయి క్లిక్ వింటే బిగుసుకుపోతుంది. డ్రమ్మర్, బేసు, ఆయన గైడ్ గిటారు (దారి చూపడానికి మాత్రం వాయించేది) కలిసి ఒకే టేకులో తీయండి. గైడ్ గిటారు నేరుగా లైనులోకి వెళ్తే డ్రమ్ మైకుల్లోకి కారదు. కేసెట్టు ముక్క కలిసే పాటని మాత్రం విడిగా ఆలోచించాలి.

అసలు గిటార్లు మాత్రం ఇంట్లోనే. మీ రెండు ఇన్‌పుట్లు సరిగ్గా దీనికే పనికొస్తాయి: ఒకటి యాంపు ముందు ఎస్‌ఎం57, రెండోది డీఐ (యాంపు లేకుండా గిటారు నుంచి నేరుగా వచ్చే ధ్వని). రేపు టోను నచ్చకపోయినా డీఐ ఉంటే అదే వాయింపుని మళ్లీ యాంపులోకి పంపి తీసుకోవచ్చు. మైకు స్పీకరు బట్టకి రెండు వేళ్ల దూరంలో, డస్ట్ క్యాపు అంచు దగ్గర పెట్టండి. నడిమధ్యకి జరిపితే గీపెడుతుంది, అంచుకి పోతే మందగిస్తుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, గరిష్ఠ స్థాయి మైనస్ 10 డీబీ దగ్గర. ఎర్ర లైటు వెలగాల్సిన పనే లేదు. తీగలు ముందురోజు మార్చి బాగా లాగి వదలండి. 12వ మెట్టు దగ్గర నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ కన్నా ఎక్కువగా పలికితే బ్రిడ్జి శాడిల్‌ని వెనక్కి జరపాలి. దీన్ని వదిలేస్తే రెండో గిటారు పొర వేసినప్పుడు అంతా అపస్వరంగా తేలుతుంది.

కరెంటు: పాత ఇళ్లలో మూడో పిన్ను పేరుకే ఉంటుంది. మల్టీమీటరుతో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి. 3 వోల్టులు దాటితే ముందు ఎలక్ట్రీషియన్ని పిలవండి. హమ్ పోతుందని ఎర్త్ పిన్ను మాత్రం తీసేయొద్దు, ట్యూబ్ యాంపుతో అది ప్రాణం మీదికొస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి బ్యాటరీ మీద నడిపితే సగం గుయ్యిమనడం అప్పుడే పోతుంది. సాయంత్రం వోల్టేజీ పడే వేళ యాంపుకి స్టెబిలైజరు తప్పదు. ఫ్యాను ఆపేయండి.

గొంతు: ఆ గదిలో కండెన్సర్ పెడితే నాలుగు గోడలూ పాడతాయి. మైకు వెనక కాదు, పాడేవాళ్ల వీపు వెనక బొంతలు, పరుపులు కట్టండి. కార్డియాయిడ్ మైకు ముందువైపే వింటుంది, ఆ వైపు నుంచి వచ్చే ప్రతిధ్వనే అది పట్టేది. అన్నిటికన్నా ముఖ్యం, స్థాయి. ఇరవై ఎనిమిదేళ్లప్పుడు కట్టిన పాటని అదే శ్రుతిలో 63లో పాడించకండి. గిటారు ఒక టోను (రెండు అరస్వరాలు) కిందికి దించి, 10 బదులు 11 గేజ్ (కాస్త లావు) తీగలు వేస్తే లూజు అనిపించదు. డ్రమ్స్ తీయకముందే ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే బేసు ఒకసారి పడ్డాక శ్రుతి మార్చడం అంటే బేసు మళ్లీ తీయడమే.

తీగలోకం (బరంపురం)

కేసెట్టు గురించి నాలుగు మాటలు. డెక్కు హెడ్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అరవై నిమిషాల టేపైతే ముందు ఒకసారి చివరిదాకా పోనిచ్చి వెనక్కి చుట్టండి, పొరలు వదులవుతాయి. లోపల ప్రెషర్ ప్యాడ్ ఊడిపోయి ఉంటే టేపుని వేరే షెల్లోకి మార్చాలి. అజిమత్ స్క్రూని (హెడ్ వాలుని సరిచేసేది) ఈ టేపుకి తగ్గట్టు తిప్పండి. రెండు ఛానళ్లని మోనో చేసి వింటూ తిప్పితే పై ధ్వనులు ఎక్కడ విచ్చుకుంటాయో చెవికే తెలుస్తుంది. డాల్బీ (టేపు రొద తగ్గించే) మీటతో ఎక్కించిన టేపు కాకపోతే వినేటప్పుడూ మీట ఆఫ్‌లోనే ఉండాలి.

స్పీడుకి ఒక చిట్కా: టేపులో కరెంటు హమ్ వినిపిస్తే అది 50 హెర్ట్జ్ ఉండాలి. 51 చూపిస్తే టేపు 2 శాతం వేగంగా తిరుగుతున్నట్టు, అంటే సుమారు 34 సెంట్ల (అరస్వరంలో మూడోవంతు) అపశ్రుతి. అంత వెనక్కి తగ్గించండి.

నాగావళి (రాయగడ)

హమ్ చిట్కా ఇక్కడ మోసం చేస్తుంది బాబూ. 1994లో మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు. హమ్‌ని నమ్మి సరిచేస్తే ఉన్న తప్పుకి కొత్త తప్పు తోడవుతుంది. అందులో ఎలక్ట్రానిక్ కీబోర్డు ఉందన్నారుగా, దాని ట్యూనింగు ఎవరూ కదపకపోతే ‘ఎ’ (A) అనే స్వరం 440 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. కొలత దానితో పెట్టుకోండి. అదీ ఒక్కచోట కాదు, మొదట్లో, నడుమ, చివర మూడుచోట్ల చూడండి. పాత డెక్కులు రీలు బరువుని బట్టి వేగం మారుస్తాయి.

డ్రమ్స్ ఆ కీబోర్డుకి అనుగుణంగా వాయించాలి గానీ కీబోర్డుని ముక్కలుగా కోసి డ్రమ్స్‌కి అతికించకండి. పింక్ ఫ్లాయిడ్ బ్యాండు గిటారిస్టు డేవిడ్ గిల్మర్ 2024లో తెచ్చిన సోలో ఆల్బమ్ ‘లక్ అండ్ స్ట్రేంజ్’ టైటిల్ పాటలో ఇదే పని జరిగింది. అదే బ్యాండు కీబోర్డు కళాకారుడు రిచర్డ్ రైట్ 2007లో గిల్మర్ ఇంటి కొట్టంలో వాయించిన జామ్ దానికి పునాది. రైట్ 2008లో పోయారు. కొత్త వాయిద్యాలన్నీ ఆ పాత వాయింపు చుట్టూ కట్టారు.

వంశధార (గుణుపురం)

హక్కుల గురించి ఎవరూ ఎత్తలేదు, అక్కడే ఆల్బమ్ ఆగిపోయేది.

సినిమా పాట వద్దని నా సలహా. కాపీరైట్ చట్టం 31సి సెక్షన్ కింద కవర్ వెర్షన్‌కి (ఉన్న పాటని కొత్తగా పాడి రికార్డు చేయడానికి) లైసెన్సు ఉంది, నిజమే. మొదటి రికార్డింగు జరిగిన ఏడాది ముగిశాక అయిదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి, అది మీకు గడిచింది. కానీ ముందస్తు నోటీసు, ముందస్తు రాయల్టీ ఉన్నాయి, ఆ రాయల్టీ ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన కట్టాలి. పైగా సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప సాహిత్యం మార్చకూడదు. ఒడియాలోకి మార్చడం అనువాదం. దానికి ఈ సెక్షన్ అసలు వర్తించదు, సాహిత్య హక్కుదారుల దగ్గర విడిగా అనుమతి రాయించుకోవాలి. వీడియో చేస్తే మళ్లీ వేరే అనుమతి. పెద్దాయన పట్టు విడవకపోతే స్టేజీ మీద పాడనివ్వండి, ఆల్బమ్‌లో ఆ చోట సొంత పాట ఒకటి పెట్టండి.

కేసెట్టు కళాకారుడికి ప్రదర్శకుడి హక్కు ఉంటుంది, అది 50 ఏళ్లు. ఆయన వారసుల సంతకంతో హక్కులు రాసిచ్చే కాగితం ఒకటి తీసుకోండి. డ్రమ్మర్, బేసిస్టులతో కూడా అంతే. ఆ కాగితంలో కాలం, ప్రాంతం రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం అయిదేళ్లు, భారతదేశం వరకే అని లెక్క. కాబట్టి ‘ప్రపంచమంతటా’, ‘హక్కు ఉన్నంత కాలం’ అని స్పష్టంగా రాయించండి. సొంత పాటల స్వరకర్తగా, రచయితగా పెద్దాయన ఐపీఆర్ఎస్‌లో (రచయితలకీ స్వరకర్తలకీ రాయల్టీ వసూలు చేసే సంస్థ) సభ్యుడై పాటలు నమోదు చేసుకోవాలి. డిస్ట్రిబ్యూటరు (పాటల్ని స్పాటిఫై లాంటి చోట్లకి ఎక్కించే సంస్థ) ఇచ్చే స్ట్రీమింగు డబ్బు వేరు, ఇది వేరు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

సినిమా పాట మానేస్తాం, పెద్దాయన్ని ఒప్పించే బాధ్యత నాది. మిక్సుకి ఫైళ్లు ఎలా పంపాలి? ఉగాది రోజే విడుదల అవ్వాలా?

తీగలోకం (బరంపురం)

ప్రతి ట్రాకూ సున్నా సెకను నుంచే మొదలయ్యేలా ఎగుమతి చేయండి, ముక్కలుగా వద్దు. మాస్టర్ మీద లిమిటరు (పెద్ద శబ్దాల్ని అణిచేది) ఉంటే తీసేయండి. మోనో ట్రాకు నిమిషానికి 8.64 ఎంబీ, 20 ట్రాకుల 5 నిమిషాల పాట 900 ఎంబీ దాకా వస్తుంది. రెండు వేర్వేరు డిస్కుల్లో దాచండి. మాస్టరింగులో (విడుదలకి ముందు చివరి మెరుగు) మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి తెలిసే గట్టిదనపు కొలత) అనే అంకె వెంట పడనక్కర్లేదు. స్పాటిఫై ఆ స్థాయికే సర్దుతుంది కాబట్టి గట్టిగా నొక్కి పిండినందుకు లాభం ఉండదు, అంతే. ట్రూ పీక్ (ధ్వని చేరే అసలు శిఖరం) మాత్రం మైనస్ 1 డీబీ దాటకూడదు.

ఉగాది రోజే అని పట్టుకోవద్దు. ఆల్బమ్‌లు శుక్రవారం రావడం రివాజు, ఉగాదికి ముందు వచ్చే శుక్రవారం చూసుకోండి. నాలుగు వారాల ముందే అప్‌లోడ్ చేయాలి. స్పాటిఫై ప్లేలిస్టులకి పాట పంపాలంటే కనీసం 7 రోజుల ముందు పంపాలి. ఒకసారికి ఒకే పాట, అందుకని 8 సొంత పాటల్లో దేన్ని పంపాలో ముందే తేల్చుకోండి. 2024 నుంచి అక్కడ గత 12 నెలల్లో 1,000 సార్లు వినని పాటకి డబ్బు రాదు, అదీ గుర్తుంచుకోండి. ఆల్బమ్ అట్ట బొమ్మ 3000×3000 పిక్సెళ్లు, దాని మీద ఫోను నంబరు, వెబ్ చిరునామా ఉంటే తిప్పికొడతారు.

ఐఎస్ఆర్సీ కోడు (ప్రతి రికార్డింగుకీ ఉండే గుర్తింపు) డిస్ట్రిబ్యూటరే ఇస్తాడు, అక్షరాలూ అంకెలూ కలిపి 12. ప్రతి పాట కోడు నోటుబుక్కులో రాసి పెట్టండి. రేపు ఏటా రుసుము కట్టలేక వేరే డిస్ట్రిబ్యూటరుకి మారితే పాత కోడే ఇవ్వాలి, లేకపోతే అప్పటిదాకా విన్న లెక్క సున్నా అవుతుంది. ఒడియా పాటలు రెండింటికీ భాష ఒడియా అని విడిగా పెట్టండి. ఆల్బమ్ మొత్తం తెలుగు అని వదిలేస్తే ఒడిశా శ్రోతలకి అవి కనపడే అవకాశం తగ్గుతుంది. పెద్దాయన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటే వర్ణక్రమంలో అన్ని పాటలకీ ఉండాలి. ఒక్క ‘హెచ్’ తేడా వచ్చినా ఇద్దరు కళాకారుల పేజీలు పుడతాయి, వాటిని కలపడానికి వారాలు పడుతుంది.