10.8 వోల్టుల ల్యాప్‌టాప్ బ్యాటరీ బదులు 11.1 వోల్టులది వేయవచ్చా?

మాది పర్లాకిమిడి. చెల్లి చదువుకు వాడే పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పూర్తిగా పోయింది. కరెంటు పోతే సేవ్ చేయనిదంతా పోతోంది, పాపం ఏడుపొక్కటే తక్కువ. బ్యాటరీ మీద 10.8 వోల్టులు, 6 సెల్ (అంటే లోపల మూడేసి సెల్స్ వరుసలు రెండు) అని ఉంది. బరంపురంలో ఒక షాపులో 11.1 వోల్టులది చూపించారు. ఇంకొకరు 14.8ది కూడా పడుతుందన్నారు. 10.8, 11.1 రెండూ మూడు లిథియం సెల్స్ వరుసే కాబట్టి ఫర్వాలేదని, 14.8 అంటే నాలుగు సెల్స్ వరుస కనుక వేయకూడదని చదివాను. నిజమేనా?

నా బెంగంతా మన్నిక గురించే. 300 నుంచి 500 ఛార్జింగ్ సైకిళ్లు (ఒకసారి పూర్తిగా ఛార్జ్ చేసి వాడేస్తే ఒక సైకిల్) అంటారు, మరి మా ఎండలకి, రోజంతా ప్లగ్‌లోనే ఉంచితే? కంపెనీది కాని బ్యాటరీ వాడినవాళ్లు ఎన్నాళ్లు వచ్చిందో చెప్పండి. బరువైనా 9 సెల్‌ది తీసుకోమంటారా? పరీక్షలు దగ్గరపడ్డాయి.