పారాథైరాయిడ్ గడ్డను అడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) అనుకుని తీశాక రిపోర్టులో క్యాన్సర్ వస్తే, మెడ మళ్లీ తెరవాలా?

ఎండో సర్జన్: పారాథైరాయిడ్ (థైరాయిడ్ వెనక ఉండి కాల్షియాన్ని అదుపు చేసే చిన్న గ్రంథి) గడ్డ ఒక్కటే ఒలిచి తీశారు. వారానికి రిపోర్టు వచ్చింది: రక్తనాళంలోకి చొచ్చిన కార్సినోమా, అంటే క్యాన్సర్. కాల్షియం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) రెండూ నార్మల్‌కు దిగాయి. మళ్లీ ఆపరేషన్ చేయాలనే నా వాదన. ముందే తెలిసి ఉంటే గడ్డ, అదే వైపు థైరాయిడ్ లోబ్, ఇస్త్మస్ (రెండు లోబ్‌లను కలిపే భాగం), అంటుకున్న కండరం, శ్వాసనాళం పక్క కొవ్వు అన్నీ ఒకే ముద్దగా తీసేవాళ్లం కదా. ఇది తిరగబెట్టే జబ్బు. తిరగబెట్టాక పూర్తిగా నయం చేయడం చాలా అరుదు.

స్లైడ్_బల్ల: ముందు ఆ రిపోర్టు గట్టిదో కాదో తేల్చండి. 2022 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణ ప్రకారం రక్తనాళం, లింఫ్ నాళం, నరం చుట్టూ, పక్క అవయవం, వీటిలో ఒకదాన్లోకైనా చొరబాటు కనిపించాలి, లేదా వేరే చోటికి పాకి ఉండాలి. దట్టమైన ఫైబ్రస్ (పీచు) పట్టీలు, మైటోసిస్ (కణ విభజన) మాత్రమే ఉంటే అది ఎటిపికల్ ట్యూమర్, అంటే క్యాన్సర్ అని తేల్చలేని అనుమానపు గడ్డ. ముందే ఎవరైనా ఎఫ్‌ఎన్‌ఏ (సూదితో కణాలు తీసే పరీక్ష) చేసి ఉంటే ఇంకా చిక్కు, సూది చేసిన గాయం చొరబాటులాగే కనిపిస్తుంది. పారాఫైబ్రోమిన్ అనే ప్రొటీన్ స్టెయిన్‌లో కనిపించకపోతే, దాన్ని తయారుచేసే సీడీసీ73 జన్యువు పరీక్షకు పంపండి, ఆ లోపం వంశపారంపర్యంగా రావచ్చు కాబట్టి అది రోగి పిల్లలకూ సంబంధించిన విషయం.

కాల్షియం_క్లినిక్: సర్జన్ గారూ, లోబ్ తీస్తే ఏం కలిసొస్తుంది? గడ్డ థైరాయిడ్‌కు అంటుకోనప్పుడు లోబ్ తీసినందువల్ల ఆయుష్షు పెరిగిందని పాత రికార్డుల విశ్లేషణలు తేల్చలేకపోయాయి. మచ్చ కట్టిన మెడలో స్వరనాడి తెగే ప్రమాదం ఎక్కువ. మిగిలిన పారాథైరాయిడ్లకు రక్తం ఆగితే జీవితాంతం కాల్షియం మాత్రలే గతి. పైగా 3 సెం.మీ. దాటింది, కాల్షియం 14 మి.గ్రా./డె.లీ. దాటింది అని క్యాన్సర్‌ను అనుమానించే లెక్క మన దగ్గర అంతగా పనికిరాదు. విటమిన్ డి లోపం వల్ల ఇక్కడ మామూలు అడినోమాలే అంత పెరుగుతాయి.

ఎండో సర్జన్: సైజు మాట ఒప్పుకుంటాను. సర్జన్ వేలికి తెలిసేది వేరు: అడినోమా ఎర్ర గోధుమ రంగులో మెత్తగా ఉంటుంది, క్యాన్సర్ బూడిద తెలుపులో గట్టిగా, చుట్టూ అంటుకుపోయి ఉంటుంది. అందుకే ఆపరేషన్ నోట్సు తెప్పించుకోండి. క్యాప్సూల్ (గడ్డ పైపొర) చిరిగిందని, కండరం నుంచి గీకి విడదీశామని, కోసిన అంచున క్యాన్సర్ కణాలున్నాయని ఉంటే ఆగకూడదు. చిందిన కణాలు కొవ్వులో, కండరంలో చిన్న చిన్న గింజల్లా మొలుస్తాయి, అన్నిటినీ వెతికి తీయడం అసాధ్యం. స్వరనాడిని గడ్డ కమ్మేస్తే తప్ప తీయను. క్యాన్సర్ పాకిన లింఫ్ గ్రంథులు కనిపించకపోతే మెడ పక్కభాగం జోలికీ పోను.

కాల్షియం_క్లినిక్: అలాంటి నోట్సు ఉంటే నేనూ మీ పక్షమే. లేకపోతే 3 నెలలకోసారి కాల్షియం, పీటీహెచ్, ఏటా అల్ట్రాసౌండ్ చాలు. ఒక్క జాగ్రత్త. మొదటి వారాల్లో హంగ్రీ బోన్ (ఎముకలు రక్తంలోని కాల్షియాన్ని లాక్కోవడం) వల్ల కాల్షియం పడిపోయి, దానికి బదులుగా పీటీహెచ్ పెరుగుతుంది. ఆ అంకె చూసి గడ్డ మిగిలిందని పరుగెత్తకండి. రెండూ కలిసి పెరిగితేనే భయం. ఆపరేషన్‌కు ముందు డెనోసుమాబ్ (ఎముక కరగకుండా ఆపి కాల్షియం దించే మందు) ఇచ్చి ఉంటే ఆ పతనం ఇంకా లోతు. మెగ్నీషియం కూడా చూడండి.

స్లైడ్_బల్ల: మీ ఇద్దరి వాదనా అంచు మీదే నిలబడింది కాబట్టి చెప్తున్నాను. ఒలిచి తీసిన గడ్డకు క్యాప్సూలే అంచు. మూడు ముక్కలుగా ఫార్మలిన్ డబ్బాలో వేసి పంపితే ఏది అంచో ఏది కోతో స్లైడ్లు చదివే మేం చెప్పలేం. రిపోర్టులో అంచు గురించి ఒక్క మాటా లేకపోతే బాగుందని అర్థం కాదు. బ్లాకులు, స్లైడ్లు తెప్పించి రెండోసారి చదివించాకే థియేటర్ తేదీ అడగండి.